రిపోర్టులన్నీ బార్డర్‌లోనే ఉన్నాయి, బరువు సంగతి ఇప్పుడే చూసుకోవాలా?

మీ ప్రశ్న చదివాను. మీ వయసు 36, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 100 సెంటీమీటర్లు. పరగడుపు షుగర్ 108, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.9, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఒక రకం కొవ్వు) 210, బీపీ 134/86, స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. నాన్నగారికి షుగర్ ఉంది. తొమ్మిదేళ్ళ బాబు కూడా ఈ మధ్య లావవుతున్నాడు. హెల్త్ చెకప్ చేసినవాళ్ళు "పెద్దగా ఏమీ లేదు, కాస్త బరువు తగ్గండి" అని పంపేశారు. జబ్బంటూ ఏమీ లేనప్పుడు ఇప్పటినుంచే టెన్షన్ ఎందుకు, ఏదైనా వస్తే అప్పుడు చూసుకోవచ్చు కదా అని మీరడుగుతున్నారు.

టెన్షన్ అక్కర్లేదు. చూసుకోవాల్సింది మాత్రం ఇప్పుడే. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగర్, బీపీ, గుండె జబ్బులవాళ్ళే. వాళ్ళ పాత ఫైళ్ళు తిరగేస్తే ఎనిమిదేళ్ళ కిందటివో పదేళ్ళ కిందటివో రిపోర్టులు చాలావరకు మీ రిపోర్టుల్లాగే ఉంటాయి. అప్పుడు ఐదారు కిలోలు తగ్గి, ఆ తగ్గింది నిలబెట్టుకుని ఉంటే చాలామందికి కథ వేరేగా ఉండేది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు ఎక్కడున్నారో చూద్దాం. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. మీది 29. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. ఆ లెక్కన మీరింకా ఊబకాయం గీత దాటలేదు. కానీ ఆసియా మూలాలున్నవాళ్ళకు షుగర్, గుండె జబ్బుల ముప్పు ఇంకా తక్కువ బరువు దగ్గరే మొదలవుతుందని అదే సంస్థ నిపుణులు 2004లో చెప్పారు. వాళ్ళు పెట్టిన హెచ్చరిక గీతలు 23, 27.5. ఆ రెండో గీత మీరు దాటేశారు.

బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవడం కూడా సరికాదు. 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లే జనాభా సగటులు చూడటానికి తయారుచేసిన కొలత అది. కండ ఎంతో కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడుందో దానికి తెలియదు. కాబట్టి నేను టేపు తీస్తాను. మీరూ ఇంట్లో కొలుచుకోవచ్చు. చొక్కా తీసి నిలబడండి. పక్కటెముకల్లో చివరిది వేలికి తగులుతుంది, కింద తుంటి ఎముక అంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. నేలకు సమాంతరంగా ఉండాలి, చర్మంలోకి దిగకూడదు. పొట్ట లోపలికి లాక్కోకుండా మామూలుగా ఊపిరి వదిలి, అప్పుడు అంకె చూడండి. ప్యాంటు సైజు చూసి చెబితే చెల్లదు, చాలామంది ప్యాంటు బెల్టు పొట్ట కింద పెట్టుకుంటారు. నడుము ఎత్తులో సగానికి మించకూడదన్నది గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క. మీకు 85 ఉండాలి, 100 ఉంది. మీ రిపోర్టులన్నిట్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ అంకే.

ఎందుకంటే కొవ్వు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ చేరిందన్నది ముఖ్యం. చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు కొంతవరకు అపకారం చేయదు. అక్కడ పట్టినంత పట్టాక మిగిలింది పొట్ట లోపల పేగుల చుట్టూ, ఆ తర్వాత లివర్లోకి, కండరాల్లోకి, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లోకి (క్లోమంలోకి) చేరుతుంది. చర్మం కింద ఎంత పడుతుందన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, చాలావరకు పుట్టుకతో వస్తుంది. 110 కిలోలున్న మనిషికి షుగర్ లేకపోవడం, 72 కిలోలున్న మనిషికి ఉండటం ఇందువల్లే. నాన్నగారికి షుగర్ ఉంది, మీకు 84 కిలోలకే లివర్లో కొవ్వు కనిపిస్తోంది. అంటే మీ ఒంట్లో ఆ చోటు ఇప్పటికే నిండిపోయిందని అర్థం చేసుకోవాలి.

పొట్ట లోపలి కొవ్వు నుంచి వచ్చే ఫ్యాటీ ఆమ్లాలు పేగుల వైపు నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిర ద్వారా లివర్ను చేరతాయి. అప్పటికే కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. ఆపమన్నా ఆపకుండా రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది, ట్రైగ్లిజరైడ్స్ వదులుతుంది. దాన్ని అదుపు చేయడానికి పాంక్రియాస్ మామూలు కంటే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అలా ఏళ్ళ తరబడి చేస్తుంది కాబట్టే షుగర్ రిపోర్టు ఏళ్ళ తరబడి "నార్మల్" అని వస్తుంది. పాంక్రియాస్ అలిసిపోయి ఇన్సులిన్ చాలనప్పుడు అంకె పెరుగుతుంది. షుగర్ ఉందని తేలేనాటికి ఇన్సులిన్ తయారుచేసే సామర్థ్యంలో సుమారు సగం పోయి ఉంటుంది. మీ 108, మీ 5.9 ఆ దారి మధ్యలో ఉన్నాయి. వీటిని ప్రీడయాబెటిస్ అంటారు. "ఏమీ లేదు" అన్న మాట ఇక్కడ నాకు నచ్చలేదు.

ఈ దశలో ఒంటిమీదే కనిపించే గుర్తు ఒకటుంది, అద్దంలో చూసుకోండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, వెల్వెట్ గుడ్డలా మందంగా తయారవుతుంది. చాలామంది మురికి అనుకుని సబ్బు పెట్టి గట్టిగా రుద్దుతుంటారు. పిల్లలకైతే తల్లులు పీచుతో తోమి తోమి చర్మం ఎర్రబడ్డాక చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. అది మురికి కాదు, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందనడానికి సాధారణంగా కనిపించే గుర్తు. మెడ దగ్గర చిన్న చిన్న పులిపిర్లలాంటివి వేలాడటం కూడా దీనితో పాటే కనిపిస్తుంటుంది. క్రీములతో పెద్దగా మారదు, బరువు తగ్గితే నెమ్మదిగా పలచబడుతుంది.

కొవ్వు అంటే పనీపాటా లేకుండా పడి ఉండే నిల్వ అని ఒకప్పుడు అనుకునేవాళ్ళం. 1994లో అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాలే తయారుచేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టాక ఆ అభిప్రాయం పోయింది. కొవ్వు కణాలు మెదడుతో, లివర్తో, రక్తనాళాలతో ఎప్పుడూ సంకేతాలు నడుపుతూ ఉంటాయి. అవి మరీ ఉబ్బిపోతే వాటి మధ్యలోకి రోగనిరోధక కణాలు చేరి, జ్వరం రానంత చిన్న స్థాయిలో వాపు రగులుతూ ఉంటుంది. రక్తనాళాల గోడలు దెబ్బతినడం, వాటిలో కొవ్వు పేరుకోవడం దీనితో వేగమవుతుంది. బీపీని పెంచే పదార్థాలూ ఈ కొవ్వు నుంచే వస్తాయి. పైగా ఒళ్ళు పెరిగేకొద్దీ రక్తం పరిమాణం పెరుగుతుంది, అంత రక్తాన్ని తోడాలి కాబట్టి గుండె గోడ మందమవుతుంది. గుండెపోటు ఒక్కటే కాదు, మెట్లెక్కితే ఆయాసం తెప్పించే హార్ట్ ఫెయిల్యూర్, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పక్షవాతం, ఇవన్నీ ఈ దారిలోనే వస్తాయి. రిపోర్టులు బాగుండి లావుగా ఉన్నవాళ్ళను ఏళ్ళపాటు గమనిస్తే, వాళ్ళలో చాలామందికి కాలక్రమంలో షుగరో బీపీయో మొదలవుతోంది.

ఎవరూ డాక్టర్‌తో చెప్పని విషయం గురక. బయట కుర్చీలో కూర్చున్న పేషెంట్, పేరు పిలిచేసరికి తల వాల్చి నిద్రపోతూ ఉంటాడు. ఇంత చప్పుడులో ఎలా నిద్రపట్టిందని అడిగితే రాత్రంతా బాగానే పడుకున్నానంటాడు. పక్కనున్న భార్యను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. గట్టిగా గురక, మధ్యలో చప్పుడు ఆగిపోతుంది, ఊపిరి తీస్తున్నాడా లేదా అని ఆవిడ లేచి చూస్తుంది, అప్పుడు ఒక్కసారిగా ఉలిక్కిపడినట్టు ఊపిరి అందుకుంటాడు. రాత్రికి ఎన్నోసార్లు. మెడ చుట్టూ, నాలుక మొదట్లో చేరిన కొవ్వు వల్ల గాలి దారి మూసుకుపోయే ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ ఒంట్లో అలారం మోగినట్టు అడ్రినలిన్ విడుదలవుతుంది. మూడు మందులు వేసినా దిగని బీపీకి ఇదే కారణమై ఉండటం నేను తరచూ చూస్తుంటాను. పొద్దున లేవగానే తలనొప్పి, పగలు తూగు, మతిమరుపు, చిరాకు దీని లక్షణాలే. స్టీరింగ్ ముందు కూర్చుని కునుకు తీస్తే ప్రాణాలే పోతాయి. మీ ఇంట్లోవాళ్ళను ఒకసారి అడగండి. అవునంటే నిద్ర పరీక్ష చేయించుకోండి, వాయిదా వేయకండి.

క్యాన్సర్ మాట చెబితే చాలామంది నమ్మరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఆధారాలన్నీ పరిశీలించి, 13 రకాల క్యాన్సర్లకు అధిక కొవ్వుతో సంబంధం ఉందని తేల్చింది. పెద్దపేగు, లివర్, పాంక్రియాస్, కిడ్నీ, పిత్తాశయం, థైరాయిడ్, అన్నవాహిక కింది భాగం వాటిలో ఉన్నాయి. ఆడవాళ్ళలో గర్భసంచి లోపలి పొర, అండాశయం, ముట్లు ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ ఉన్నాయి. ముట్లు ఆగిపోయాక కొవ్వు కణాల్లోనే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తయారవుతూ ఉంటుంది కాబట్టి ఒళ్ళు ఎక్కువైనకొద్దీ గర్భసంచి పొర మీద దాని ప్రభావం ఎక్కువ. ఇది చదువుతున్న ఆడవాళ్ళకు ఒక మాట: ముట్లు ఆగిపోయిన తర్వాత ఒక్కసారి రక్తం కనిపించినా సరే, డాక్టర్‌కు చూపించుకోవాలి.

మీ ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 దగ్గర ఉంది. అందరూ తేలిగ్గా తీసుకునే మాట ఇది. అందరికీ ముదరదు, నిజమే. కానీ కొందరిలో కొవ్వు నుంచి వాపు, వాపు నుంచి మచ్చలు, మచ్చల నుంచి లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్ దాకా నిశ్శబ్దంగా వెళ్తుంది, చుక్క మద్యం ముట్టకపోయినా. స్కానింగ్‌లో చెప్పే గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెబుతుందే గానీ మచ్చలు ఎంత పడ్డాయో చెప్పదు. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, అనే లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, మీ వయసు కలిపి ఫిబ్-4 అనే స్కోరు లెక్క వేస్తారు, అది అడగండి. ఎక్కువ వస్తే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేస్తారు.

ఇక మోకాళ్ళు. మోకాలి నొప్పులున్న లావుపాటి పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని తేలింది. పిత్తాశయంలో రాళ్ళు, ఛాతీలో మంట, గౌట్, కిడ్నీల నుంచి ప్రొటీన్ పోవడం, దగ్గితే మూత్రం జారడం, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఆడవాళ్ళలో పీసీఓఎస్, గర్భం దాల్చినప్పుడు షుగర్, బీపీ, మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ తగ్గడం, వీటన్నిటికీ బరువుతో సంబంధం ఉంది. డిప్రెషన్‌కైతే రెండు వైపులా సంబంధం. దిగులు బరువు పెంచుతుంది, బరువు దిగులు పెంచుతుంది. వెక్కిరింపులతో ఎవరూ సన్నబడరు. అవమానం భరించలేక డాక్టర్ దగ్గరికి రావడమే మానేసినవాళ్ళు ఉన్నారు, జబ్బు ముదిరాక వస్తారు. ఆ తప్పు వాళ్ళది కాదు.

ఇంత చదివాక భయమేసి ఉంటుంది. మీకు అనుకూలంగా ఉన్నది కూడా అంతే బలంగా చెబుతాను. ప్రీడయాబెటిస్ ఉన్న మూడు వేలకు పైగా మంది మీద అమెరికాలో పెద్ద పరిశోధన ఒకటి జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. లక్ష్యం ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం. అంతే. సుమారు మూడేళ్ళలో ఆ గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్న గుంపులో 31 శాతం తగ్గింది. అంతకుముందు ఏడాది ఫిన్లాండ్ పరిశోధనలోనూ అదే 58 శాతం వచ్చింది. మీ లెక్కలో ఏడు శాతమంటే ఆరు కిలోలు, 84 నుంచి 78కి. 65కి దిగక్కర్లేదు, పెళ్ళినాటి ఫొటోలోలా కనిపించనక్కర్లేదు. బరువు తగ్గేటప్పుడు లివర్లో, పొట్ట లోపల ఉన్న కొవ్వు ముందుగా కరుగుతుంది, కాబట్టి అద్దంలో తేడా కనపడకముందే రిపోర్టుల్లో కనిపిస్తుంది. ఫ్యాటీ లివర్‌కు ఐదు శాతం తగ్గినా కొవ్వు తగ్గుతుంది, పది శాతం తగ్గితే వాపు పోవడమే కాదు, కొందరిలో మచ్చలు కూడా వెనక్కి వెళ్తాయి.

"వచ్చాక చూసుకుంటాను" అన్నదానికి నా అసలు అభ్యంతరం ఇక్కడుంది. పెరిగిన బరువును ఒళ్ళు అంత తేలిగ్గా వదలదు. బరువు తగ్గిన మనిషిలో ఆకలిని అణిచే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. డైటింగ్‌తో బరువు తగ్గినవాళ్ళను ఏడాది తర్వాత పరీక్షిస్తే కూడా ఈ హార్మోన్లు మామూలు స్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గిపోతుంది. టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గినవాళ్ళను ఆరేళ్ళ తర్వాత అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం పరీక్షించింది. చాలామంది బరువు మళ్ళీ పెరిగిపోయింది, అయినా విశ్రాంతిలో వాళ్ళ ఒళ్ళు ఉండాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువే ఖర్చు చేస్తోంది. ఇంకొకటి, కొవ్వు కణాల సంఖ్య చాలావరకు చిన్నతనంలో, టీనేజీలో స్థిరపడుతుంది. పెద్దయ్యాక సన్నబడితే కణాలు కుంచించుకుపోతాయే గానీ వాటి సంఖ్య తగ్గదు. 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇది తేల్చారు.

అందుకే ఇది సంకల్పబలం లేకపోవడం అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. తగ్గిన మనిషి ప్రతిరోజూ తన ఆకలితోనే పోరాడుతూ ఉంటాడు. అసలు పెరగకుండా ఆపుకున్న మనిషికి ఆ పోరాటం లేదు. ఏడాదికి ఒక కిలో పెరగడానికి పెద్ద తిండిపోతు కానక్కర్లేదు. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి, ఏడాది పొడవునా పంచితే రోజుకు ఇరవై పైచిలుకు మిగిలినట్టు, ఒకట్రెండు స్పూన్ల పంచదార. పెరిగేకొద్దీ ఒంటి ఖర్చు కూడా పెరుగుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. కానీ ముప్పై నుంచి నలభై ఐదు దాకా ఏడాదికి కిలో చొప్పున ఎవరికీ తెలియకుండానే పదిహేను కిలోలు ఎలా చేరతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి కదా అంటారేమో. వచ్చాయి, బాగా పనిచేస్తున్నాయి కూడా. 2021లో వచ్చిన ఫలితాల్లో సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దగ్గర తగ్గారు, 2022లో వచ్చిన ఫలితాల్లో టిర్జెపటైడ్ పెద్ద డోసుతో ఇరవై శాతం పైనే. గుండె జబ్బు ఉన్న లావుపాటివాళ్ళలో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలను కలిపి చూస్తే 20 శాతం తగ్గించింది. అవసరమైనవాళ్ళకు నేనూ రాస్తాను, సంకోచం లేకుండా. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదిలోనే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్రలా ఏళ్ళ తరబడి వాడాల్సిన మందు అని తెలిసే మొదలుపెట్టాలి. బరువు తగ్గించడానికి చేసే బేరియాట్రిక్ సర్జరీ కూడా తగినవాళ్ళకు ఆయుష్షు పెంచుతుందని స్వీడన్‌లో ఏళ్ళ తరబడి జరిగిన అధ్యయనంలో రుజువైంది. మీకు ఈ రెండూ ఇప్పుడు మొదటి మెట్టు కావు. ఆరు నెలలు మనస్ఫూర్తిగా ప్రయత్నించాక కూడా అంకెలు కదలకపోతే మందు గురించి మాట్లాడుకోవచ్చు, అందులో ఓటమి ఏమీ లేదు.

మరి ఏం చేయాలి? తాగే తీపి ముందు ఆపండి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, ఇంట్లో తీసిన పండ్లరసం కూడా. ద్రవ రూపంలో వెళ్ళిన క్యాలరీలు కడుపు నింపవు, తర్వాతి భోజనంలో తినేది తగ్గదు. ఈ ఒక్క మార్పుతోనే రెండు మూడు కిలోలు దిగినవాళ్ళున్నారు. ఆ తర్వాత ప్యాకెట్ తిండి. 2019లో కెవిన్ హాల్ ఇరవైమందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు సహజమైన తిండి పెట్టి చూశారు. రెంటిలోనూ పంచదార, కొవ్వు, పీచు సమానంగా అమర్చి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి మీద రోజుకు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. అవి తినేవాళ్ళది అత్యాశ కాదు, ఆగలేనట్టుగానే అవి తయారవుతాయి. ఇంటికి తేకుండా ఉండటమే సుళువు, తెచ్చి పెట్టుకుని నిగ్రహించుకోవడం కష్టం.

భోజనంలో సగం కంచం కూరగాయలు, ప్రతిపూటా సరిపడా ప్రొటీన్ ఉంటే ఆకలి తేలిగ్గా అదుపులో ఉంటుంది. రాత్రి భోజనం త్వరగా ముగించండి. నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు, నిద్ర చాలని రోజు ఆకలి, ముఖ్యంగా తీపి మీద కోరిక పెరుగుతుంది. వ్యాయామం గురించి నిజం చెప్పాలంటే, ఒక్క వ్యాయామంతో బరువు తగ్గేది తక్కువే. దాని విలువ వేరే చోటుంది: తగ్గింది నిలబెట్టడానికి, పొట్ట లోపలి కొవ్వు కరగడానికి, కండరాలు గ్లూకోజ్ వాడుకోవడానికి. వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయండి. భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట షుగర్ పెరగడం తగ్గుతుంది. వారానికొకసారి ఒకే తూకం మీద పొద్దున్నే బరువు చూసుకుని రాసిపెట్టండి. రెండు కిలోలు పెరిగిన దగ్గరే జాగ్రత్త పడండి, పది పెరిగేదాకా ఆగకండి.

కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి: స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు, ఫిట్స్ మందు వాల్ప్రోయేట్, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, షుగర్ మందుల్లో కొన్ని. మీ అంతట మీరు ఆపకండి, బదులుగా వేరే ఉందా అని డాక్టర్ని అడగండి. థైరాయిడ్ లోపం లేకుండా సన్నబడటానికి థైరాయిడ్ మాత్రలు వేసుకోవడం గుండెకు ప్రమాదం. పొట్ట కరిగించే బెల్టులు, క్రీములు, ఏం కలిపారో రాసి ఉండని పొడులు జోలికి వెళ్ళకండి. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి. నెలకు రెండు మూడు కిలోలకు మించకుండా చూసుకోండి.

ఇదంతా ఒక్క మనిషి నెత్తిన వేయడం న్యాయం కాదని కూడా చెప్పాలి. కవలల అధ్యయనాలు బరువులో జన్యువుల పాత్ర పెద్దదేనంటున్నాయి. అయితే 1990 నుంచి 2022కి ప్రపంచంలో పెద్దవాళ్ళలో ఊబకాయం రెట్టింపు దాటింది, పిల్లల్లో, టీనేజీవాళ్ళలో నాలుగింతలైంది. ఇన్నేళ్ళలో జన్యువులు మారలేదు, మన చుట్టూ తిండి, పని, నిద్ర మారాయి. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద పన్ను వేసింది, చిలీ 2016లో ప్యాకెట్ల మీద నల్ల హెచ్చరిక గుర్తులు తప్పనిసరి చేసింది, బ్రిటన్ 2018లో పన్ను వేసేసరికి కంపెనీలే పానీయాల్లో చక్కెర తగ్గించాయి. అలాంటి నిర్ణయాలు ఒక్కోటి నాలాంటి డాక్టర్లు వెయ్యిమంది చెప్పే సలహాల కంటే ఎక్కువ పని చేస్తాయని నా నమ్మకం.

మీ విషయంలో ఇప్పుడు చేయాల్సింది: ఇంట్లో వారం రోజులు పొద్దున, సాయంత్రం బీపీ చూసి రాసుకోండి. ఫిబ్-4 స్కోరు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్స్ మళ్ళీ చూడండి. నడుము నెలకొకసారి కొలవండి. బరువు కదలని నెలలో కూడా నడుము తగ్గుతూ ఉండొచ్చు, అది మంచిదే.

చివరిగా మీ బాబు సంగతి. పిల్లలకు పెద్దవాళ్ళ బీఎంఐ గీతలు పనికిరావు, వయసును బట్టి గ్రోత్ చార్టులో చూడాలి, పిల్లల డాక్టర్ చూసి చెబుతారు. మెడ వెనక నలుపు ఉందేమో మీరే చూడండి. ఉంటే షుగర్, లివర్ పరీక్షలు అడగండి. లేకపోయినా చార్టులో ఊబకాయం గీత దాటి ఉంటే పదేళ్ళు నిండాక అవి చేయించాలి. పెరిగే పిల్లాడికి డైటింగ్ వద్దు. చాలామంది విషయంలో బరువు తగ్గించక్కర్లేదు, ఏడాదో రెండేళ్ళో పెరగకుండా ఆగితే ఎత్తు దాన్ని సర్దేస్తుంది. మీకు లేని ఈ వెసులుబాటు వాడికుంది. వాడి ఒక్కడికీ వేరే కంచం, వేరే రూలు పెట్టకండి, ఇంట్లో అందరికీ ఒకే తిండి మారాలి. రోజూ గంట పరుగులు, ఆటలు. తొమ్మిది గంటలకు తగ్గని నిద్ర. పడుకునే గదిలో ఫోన్, టీవీ వద్దు. తినేటప్పుడు స్క్రీన్ వద్దు. వాడి ముందు లావు అన్న మాట ఎత్తకండి, చుట్టాలెవరైనా ఎత్తితే అక్కడే ఆపండి. సాయంత్రం మీరు నడకకు బయల్దేరేటప్పుడు వాణ్ణి సైకిల్ మీద వెంట తీసుకెళ్ళండి.